నోటికి వేసిన మాల

నవంబరు 17, సోమవారం. దర్శి.

ఈ రోజు నుంచి నలభై ఒక్క రోజుల పాటు నేను ఎవరికీ డబ్బు విషయంలో సలహా ఇవ్వను.

రాసి మళ్ళీ చదువుకున్నాను. నా చేతిరాతే.

కారణం మా కోడలు శ్రీదుర్గ. నాలుగేళ్ళు ఒడిశాలో, కొరాపుట్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి, కాళ్ళావేళ్ళా పడి, మొన్న జూన్‌లో మా ఊరి శాఖకే మేనేజరుగా వచ్చింది. ఆ నాలుగేళ్ళూ మా అబ్బాయి ఆత్రేయ ఫోన్లో కాపురం చేశాడు, ఇంట్లో వంట చేశాడు. కాపురం సంగతి నాకు తెలియదు. వంట మాత్రం తిన్నాను.

నేనేమో ముప్పై ఏళ్ళు కాలేజీలో కామర్సు చెప్పి, రిటైరయ్యాక ఒంగోలు వారపత్రికలో 'రసీదు అడగండి' అనే శీర్షిక రాస్తున్నాను. పింఛన్లు, బీమాలు, బ్యాంకు చార్జీలు, వారంటీ ఎగ్గొట్టే షాపులు. మా కోడలికి ముందున్న మేనేజర్లు ఇద్దరూ నా ఉత్తరాల దెబ్బకే బదిలీ అయ్యారని ఊళ్ళో చెప్పుకుంటారు. అన్యాయం. అందులో ఒకాయన తనే అడిగి వెళ్ళాడు.

నిన్న భోజనాల దగ్గర శ్రీదుర్గ పెరుగు వడ్డిస్తూ అంది:

"అత్తయ్యా, డిసెంబరు ముప్పై ఒకటి దాకా మాకు బీమా పాలసీల సీజను. శాఖకి టార్గెట్ ఇచ్చారు. అందుకుంటే ఇక్కడే ఉంటాను. లేకపోతే మళ్ళీ ఎక్కడికి తోస్తారో. అప్పటిదాకా మీరు కొంచెం..."

"కొంచెం?"

"కొంచెం లేకుండా ఉండండి."

సబబే. ఊరంతా అయ్యప్ప మాలలు వేసుకుని తిరుగుతోంది. వాళ్ళు మెడలో వేసుకున్నారు, నేను నోటికి వేసుకుంటాను.

నియమాలు:
బ్యాంకు గడప తొక్కరాదు.
పరాయివాళ్ళ కాగితం చదవరాదు. పకోడీ పొట్లం కాగితం సహా.
ఎవరడిగినా "నాకు తెలియదు" అనాలి. (అద్దం ముందు అని చూశాను. మూతి వంకర పోయింది. సాధన అవసరం.)
శీర్షికలో ఎవరికీ హాని లేని విషయాలే రాయాలి.

గుంటూరు హాస్టల్ నుంచి మనవరాలు రచన ఫోన్ చేసింది. "నలభై ఒక్క రోజులా నానమ్మా? ముందు నలభై ఒక్క నిమిషాలు ఉండు, చూద్దాం." పెట్టేశాను. ఇప్పటికి ఇరవై నిమిషాలైంది. బాగానే ఉంది.

నవంబరు 18, మంగళవారం.

ప్రాణం ఎంత హాయిగా ఉందో. ఇన్నేళ్ళూ లోకాన్ని నెత్తిన మోస్తున్నానని ఇప్పుడే తెలిసింది. దింపి చూస్తే అదెక్కడికీ పోలేదు, కిందే ఉంది.

కూరగాయల బండి దగ్గర తూకం తేడా. చూశాను. ఏమీ అనకుండా నవ్వాను. బండతను హడలిపోయి రెండు వంకాయలు ఎక్కువేశాడు. మౌనంలో ఇంత లాభం ఉందని ఏ కామర్సు పుస్తకంలోనూ రాయలేదు.

నవంబరు 20, గురువారం.

మా పత్రిక సంపాదకురాలు నసీమున్నీసా ఫోన్.

"మేడం, ఈ వారం ఏం పంపుతున్నారు?"

"ఎండుమిర్చికి పురుగు పట్టకుండా డబ్బాలో ఎలా దాచుకోవాలో రాశాను."

అటువైపు పెన్ను కింద పెట్టిన చప్పుడు.

"మేడం, మనది ప్రకాశం జిల్లా. మిరపకాయ దాచడం ఇక్కడ పసిపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు."

"ఎవరికీ హాని లేని విషయం కావాలమ్మా."

"పాఠకులకి హాని లేదు లెండి. పత్రికకే."

అయినా వేసుకుంది. మంచి పిల్ల.

నవంబరు 25, మంగళవారం.

చిన్న ఇబ్బంది.

పక్కింటి రామమూర్తిగారు రిటైర్డ్ పోస్టుమాస్టరు. నవంబరులో బతికున్నట్టు పత్రం ఇవ్వాలి ఆయన. లేకపోతే పింఛను ఆగుతుంది. పోయినేడు మరిచిపోయారు, కాగితాల ప్రకారం కొన్నాళ్ళు పోయారు కూడా. ఈసారీ అదే వాలకం. గోడ అవతల పడక్కుర్చీలో పేపరు చదువుతూ సుఖంగా ఉన్నారు.

నేను ఆయనతో మాట్లాడలేదు. తులసి కోటలో నీళ్ళు పోస్తూ తులసితో మాట్లాడాను.

"తులసమ్మా, ఈ నెల ముప్పై లోపల బతికున్నట్టు పత్రం ఇచ్చుకో తల్లీ, పింఛను ఆగిపోగలదు."

పడక్కుర్చీ కిర్రుమంది.

"శ్యామలాంబగారూ, తులసమ్మకి పింఛను ఎప్పట్నుంచి వస్తోందండీ?"

"నాకు తెలియదు" అన్నాను. మొదటిసారి సరిగ్గా వచ్చింది. మూతి కూడా నిటారుగానే ఉంది.

మధ్యాహ్నం ఆయన గొడుగేసుకుని బయల్దేరడం కిటికీలోంచి చూశాను.

నవంబరు 28, శుక్రవారం.

దీక్షాభంగం కిందికి రానివి. ఈ రోజు చేర్చినవి:
ప్రశ్నలు.
నిట్టూర్పులు.
మొక్కలతో సంభాషణ.
అద్దంకి బస్సులో పక్క సీటావిడకి చెప్పినవి. (ఊరి పొలిమేర దాటాక నియమాలు వర్తించవు. ఆవిడ మిక్సీ వారంటీ అంత అన్యాయంగా ఉంది.)

నసీమున్నీసా మళ్ళీ ఫోన్ చేసింది. మేడంగారికి ఒంట్లో బాగుందా అని పాఠకులు అడుగుతున్నారట. ఒకాయన సంతాపం కూడా పంపాడట, తొందరపడి.

డిసెంబరు 2, మంగళవారం.

పున్నమ్మ వచ్చింది. ఏటా పచ్చడికి పండుమిర్చి తెచ్చిచ్చే మనిషి. తనూ మొగుడు చెంచయ్యా కలిసి రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తారు. ఈసారి గంప సగమే ఉంది.

"నల్లతామర పురుగు పడిందమ్మా పంతులమ్మగారూ. పూతంతా ముడుచుకుపోతంది. మందు కొట్టాల. చేతిలో పైసా లేదు."

"మొన్ననేగా బ్యాంకులో గొలుసు పెట్టి అప్పు తెచ్చావు?" (ప్రశ్న. అనుమతి ఉన్నది.)

"రెండు లక్షలు రాశారు. చేతికి లక్షన్నర వచ్చింది. అది కౌలుకీ పాత బాకీకీ సరిపోయింది."

"మరి ఆ యాభై వేలు?"

"గొలుసుకి కాపలా ఖర్చంట గదా. సామి చెప్పాడు."

సామి అంటే రామకాంత్. బీమా కంపెనీ మనిషి. బ్యాంకులో ఒక మూల బల్ల వేసుకుని పాలసీలు అమ్ముతాడు. ఈ కార్తీకంలో మాల వేసుకుని, నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా, నుదుటి నిండా గంధంతో కూర్చుంటున్నాడు.

"సంతకం పెట్టావా?"

"మాలేసుకున్న సామి కాగితం చాపి అడిగితే కాదంటామా? అప్పు కావాలంటే ఇది కూడా ఉండాలన్నాడు. కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ ఏలుముద్ర ఏశా."

"ఆ కాగితాలు నీకిచ్చారా?"

"మూడో కార్తీక సోమారం నాడు పిలిచి చేతికిచ్చాడమ్మా, పెద్ద కవరు. నేను ఇప్పలేదు. దేవుడి పటాల కాడ పెట్టి పసుపూ కుంకం పెట్టా. సామి చేతి మీంచి వచ్చింది గదా. మండలం నిండినాక మంచిరోజు చూసి ఇప్పుతా."

మాట నాలిక చివర దాకా వచ్చింది. దాన్ని వెనక్కి తోయడానికి ఇంకేం దొరక్క గంపలోంచి పండుమిరపకాయ తీసి కొరికాను. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి.

పున్నమ్మ నా వీపు నిమిరింది. "మా కష్టానికి మీరు ఏడవమాకండమ్మా."

డిసెంబరు 3, బుధవారం.

ఈ సంగతి నా శీర్షికలో ఎన్నిసార్లు రాశానో. బీమా పాలసీ చేతికందిన రోజు నుంచి ముప్పై రోజుల్లోపల "నాకు వద్దు" అని రాసిస్తే చాలు. చిన్న కోత పెట్టుకుని కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. కారణం కూడా చెప్పక్కర్లేదు.

ముప్పై రోజులు. మండలం నలభై ఒకటి. పున్నమ్మ మంచిరోజు చూసి కవరు విప్పేసరికి గడువు దాటి పదకొండు రోజులవుతుంది.

మూడో కార్తీక సోమవారం నవంబరు పది. గడువు వచ్చే బుధవారం.

నాకు తెలియదు, నాకు తెలియదు, నాకు తెలియదు. (సాధన.)

డిసెంబరు 4, గురువారం.

నేను చెప్పకూడదు కాని నా కొడుకు చెప్పొచ్చు కదా. ఆత్రేయ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వాడికి ఏ దీక్షా లేదు, వెన్నెముక కూడా లేదు. అయినా ప్రయత్నించాను.

"ఒరేయ్, దుర్గతో ఒక మాట అనాలిరా."

మొత్తం విన్నాడు. చపాతీ పిండి కలుపుతూనే ఉన్నాడు.

"అమ్మా, రెండు గ్రహాల మధ్య ఇరుక్కున్న రాయి ఏం చేస్తుందో తెలుసా?"

"ఏం చేస్తుంది?"

"కదలకుండా ఉంటుంది."

డిసెంబరు 5, శుక్రవారం.

శ్రీదుర్గ జిలేబీ పొట్లంతో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేసింది.

"అత్తయ్యా, టార్గెట్ అందింది. సరిగ్గా అందింది, ఒక్క రూపాయి అటూ ఇటూ లేదు. ముప్పై ఒకటి దాకా ఇలాగే నిలబడితే చాలు. ఆదివారం వాడరేవు వెళ్దాం, సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో."

జూన్ నుంచి చూస్తున్నాను, ఆ పిల్ల అలా నవ్వడం ఇదే మొదలు. రెండు జిలేబీలు నా పళ్ళెంలో వేసింది. తిన్నాను. నిమ్మరసం ఎక్కువైందో, పున్నమ్మ యాభై వేలో, గొంతులో పుల్లగా తగిలింది.

డిసెంబరు 6, శనివారం.

పండుమిర్చి కోసం పున్నమ్మ ఊరు వెళ్ళాను. దీక్షకి సంబంధం లేదు. సంచీ కూడా పట్టుకెళ్ళాను.

చేలో చెంచయ్య ఒక కొమ్మ వంచి చూపించాడు. ఆకులు పైకి ముడుచుకుని చిన్న దోనెల్లా ఉన్నాయి. పూవుని అరచేతిలో దులిపితే నల్లగా నలుసులు పరుగెత్తాయి. "పది రోజుల్లో మందు పడకపోతే పీకి పారెయ్యడమేనమ్మా" అన్నాడు.

ఇంట్లో గోడకి దేవుళ్ళు వరసగా ఉన్నారు. వాళ్ళ ముందు కవరు, నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకం, పైన బంతిపూవు. ఏ బీమా కంపెనీకీ ఇంత గౌరవం దక్కి ఉండదు.

"అది విప్పు పున్నమ్మా."

"అమ్మో. సామి కొండకి పోయి దిగిరాలా?"

"అందులో ఉన్నది ఇంగ్లీషు. ఆ పటాల్లో వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్ళ నుంచి ముందు పెట్టి కూర్చోబెట్టావు, పాపం మొహమాటపడుతున్నారు."

చెంచయ్య గుమ్మంలోంచి అందుకున్నాడు. "నేనూ చెప్తానే ఉన్నా. ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతానంటది."

"నువ్వు చుట్ట కాల్చిన చెయ్యి పెడతావు, అందుకని" అంది పున్నమ్మ.

"నేను తలకి పోసుకుని వచ్చాను. నేను విప్పుతాను. పాపం ఉంటే నాకే రాయి" అని కవరు తీసుకున్నాను. బంతిపూవు తీసి పున్నమ్మ జడలో పెట్టాను. ఆవిడ కాదనేలోపల చింపాను.

చదివాను. కాపలా ఖర్చు కాదు. పున్నమ్మ పేర బీమా పాలసీ. ఏటా యాభై వేల చొప్పున పదేళ్ళు కట్టాలి.

"పదేళ్ళా?" పున్నమ్మ అరుగు మీద కూలబడింది. "ఏటా? గొలుసు ఇడిపించుకోవాలా, దీనికి కట్టాలా? కట్టకపోతే ఏమవుద్ది?"

"కట్టింది కూడా చాలావరకు పోతుంది."

జడలో బంతిపూవు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరవాత నా వంక చూడకుండా అడిగింది. "మాలలో ఉండి నాకు అబద్ధం చెప్పాడా అమ్మా?"

  సోమవారం బ్యాంకు దగ్గరికి రమ్మని చెప్పి లేచాను. సంచీ అక్కడే మరిచిపోయాను.

రెండో నియమం పోయింది. మూడోది దానితోపాటే పోయినట్టుంది.

డిసెంబరు 7, ఆదివారం. వాడరేవు.

చెప్పకుండా మీద పడడం నాకు చాతకాదు. పాత మేనేజర్లకి కూడా ముందు ఫోన్ చేసే ఉత్తరం రాసేదాన్ని.

పడవల పక్కన ఇసకలో చేపలు ఎండబెట్టారు. ఆ వాసనలో నిలబడి శ్రీదుర్గకి చెప్పాను. చెడ్డ వార్తకి తగిన చోటే. ఆత్రేయ దూరంగా కారు తుడుస్తున్నాడు. సముద్రం ఒడ్డున కారు తుడిచేవాణ్ణి ఇప్పుడే చూశాను.

విన్నాక శ్రీదుర్గ అడిగింది. "నాకు తెలిసే జరిగిందంటారా, తెలియక జరిగిందంటారా?"

"నువ్వు అడగలేదంటాను."

ఆ మాట తగిలింది. తగలాలనే అన్నాను. తగిలాక బాగుండలేదు.

"మొదలుపెడితే ఆ ఒక్కదానితో ఆగదు. టార్గెట్ పోతుంది అత్తయ్యా. నన్ను మళ్ళీ పంపేస్తారు."

"తెలుసు. నేను మళ్ళీ వీడి వంట తినాలి. నాకేం సరదానా?"

నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా కదలలేదు.

"రేపు మీరు బ్యాంకుకి వస్తే అక్కడ మీరు అత్తయ్య కారు."

"నువ్వూ కోడలివి కావు. ఇద్దరికీ తేలిక."

తిరుగు ప్రయాణంలో ఆత్రేయ రేడియో పెట్టాడు. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ వినలేదు.

డిసెంబరు 8, సోమవారం.

మొదటి నియమం: పదకొండు గంటలకి గడప తొక్కాను. కుడికాలు ముందు పెట్టాను, కొత్త కోడలిలాగా.

జనం బాగానే ఉన్నారు. పున్నమ్మ నా వెనక, చెంచయ్య ఆవిడ వెనక. మూల బల్ల దగ్గర రామకాంత్ లేచి నిలబడి చేతులు జోడించాడు.

"స్వామి శరణం మాతా. చెప్పండి."

"ఈ పాలసీ వద్దని ఈవిడ రాసిచ్చారు. తీసుకుని రసీదు ఇవ్వండి స్వామీ."

"వద్దంటే ఎలా మాతా? ఆవిడ అన్నీ తెలుసుకునే తీసుకున్నారు."

వెనకనుంచి పున్నమ్మ గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. హాలంతా ఇటే చూస్తోంది. నాకు చట్టం అంతా నోటికి వచ్చు, సెక్షన్లతో సహా. ఎందుకో అది తియ్యబుద్ధి కాలేదు.

"స్వామీ, మీరు మాలలో ఉన్నారు. మెడలో ఉన్నదాన్ని పట్టుకుని ఒక్కమాట చెప్పండి. ఈవిడకి ఏం చెప్పి వేలిముద్ర వేయించుకున్నారు?"

రామకాంత్ చెయ్యి మాల దాకా వెళ్ళి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. టోకెన్ యంత్రం రెండుసార్లు అరిచింది, ఎవరూ కదల్లేదు.

"చెప్పు సామీ" అంది పున్నమ్మ మెల్లగా. "కాపలా ఖర్చని చెప్పావు గదా? నాకే ఇనపళ్ళేదేమో."

తప్పించుకోవడానికి వీలైన అబద్ధం అది. పున్నమ్మే చేతికి అందించింది. అతను అందుకోలేదు.

"మీకు సరిగ్గానే వినపడింది మాతా" అన్నాడు. "కాపలా ఖర్చనే చెప్పాను. ఇది తీసుకుంటేనే అప్పు వస్తుందనీ చెప్పాను. రెండూ నిజం కాదు. ఈ నెల పాలసీలు తక్కువైతే నన్ను తీసేస్తామన్నారు."

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. ఎప్పట్నుంచి నిలబడిందో శ్రీదుర్గ, వచ్చి బల్ల ముందు నిలబడింది.

"మీరెవరండీ ఈవిడకి?" అని నన్ను అడిగింది.

"చదివిపెట్టే మనిషినండి."

ఉత్తరం తీసుకుంది. మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒకచోట పెన్నుతో గీత గీసి, "పాలసీ నంబరులో ఒక అంకె తప్పు రాశారు మేడం" అంది.

చూస్తే నిజమే. నేనే రాశాను. నా జీవితంలో ఒక మేనేజరు నా ఉత్తరం దిద్దడం ఇదే మొదలు.

దిద్దిన చోట పున్నమ్మ చేత వేలిముద్ర వేయించి, తన చేత్తోనే రసీదు మీద ముద్ర కొట్టి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చింది. పున్నమ్మ దాన్ని కళ్ళకద్దుకోబోతే ఆపాను. "దేవుడి దగ్గర పెట్టకు. బీరువాలో పెట్టు."

డిసెంబరు 9, మంగళవారం.

ఉప్మాలో ఉప్పు లేదు. అడగలేదు. ఆత్రేయ కూడా అడగలేదు. ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నట్టు తిన్నాం.

"అత్తయ్యగారూ, మందులు వేసుకున్నారా?" అంది శ్రీదుర్గ. ఇన్నాళ్ళూ అత్తయ్యనే. ఇవాళ గారు తగిలింది.

డిసెంబరు 12, శుక్రవారం.

శ్రీదుర్గ రోజూ ఆలస్యంగా వస్తోంది. నా మొహం చూడలేకనుకున్నాను. ఆత్రేయ చల్లగా చెప్పాడు. రామకాంత్ ఈ సీజనులో పాలసీ అమ్మిన వాళ్ళందరికీ దుర్గే ఫోన్ చేసి, మీకేం చెప్పారు, కవరు విప్పారా, కావాలా వద్దా అని అడుగుతోందట. మరో ఇద్దరు వద్దన్నారట.

"నాతో చెప్పలేదేం?"

"నీతో చెబితే శీర్షికలో రాస్తావని."

రాసేదాన్నే. ఆ పిల్లకి నేను బాగా తెలుసు.

డిసెంబరు 18, గురువారం.

పున్నమ్మ ఖాతాలో మొన్న డబ్బు పడింది. అయిదారు వందలు కోసుకున్నారు. వెంటనే మందు కొట్టించారట. చేను బతుకుతుందో లేదో ఇంకో వారం చూడాలంది.

"సామి మా ఇంటికి వచ్చాడమ్మా."

"ఎందుకు?"

"ఇరుముడి కట్టుకుంటన్నాడంట. ఓ గుప్పెడు బియ్యం పొయ్యమని గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలా."

"పోశావా?"

"పోశా. దేవుడికి గదా పోసింది." కొంచెం ఆగి అంది. "ఈసారి ఏలుముద్ర అడగలా."

డిసెంబరు 19, శుక్రవారం.

పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. మూడు పాలసీలు పోయాయి, లక్షన్నర తక్కువ. ముప్పై ఒకటో తేదీకి ఏముంటే అదే లెక్క. తక్కువ ఉన్న శాఖల మేనేజర్ల పేర్లు బదిలీల జాబితాకి వెళ్తాయట.

శ్రీదుర్గ ఇదంతా వార్తలు చదివినట్టు చెప్పింది. నేను ఏదో అనబోయాను. "మీరేం అనకండి అత్తయ్యగారూ. మీరు చేసింది సరైనదే. అందుకే ఇంకా కోపంగా ఉంది."

అటక మీద కొరాపుట్ పెట్టె దుమ్ము దులపడం చూశాను.

డిసెంబరు 20, శనివారం.

పొద్దున ఇడ్లీలు తింటూ ఆత్రేయ అన్నాడు. "ఆ లక్షన్నర పాలసీ ఏదో నాకిచ్చెయ్యి."

నా చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది. ఆ రాయి కదిలింది.

శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. ఏటా లక్షన్నర. పదేళ్ళు కట్టాలి. మధ్యలో మానేస్తే నష్టం. వచ్చే లాభం బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువ కూడా కావచ్చు. మీకు అవసరమైన పాలసీ కాదు." ఒక్క ముక్క దాచలేదు. ఒకటికి రెండుసార్లు చెప్పింది. నా శీర్షిక చదివి వినిపిస్తున్నట్టుంది.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

"కనీసం చదవండి."

"మూడు ముళ్ళూ చదివే వేశానా? నాలుగేళ్ళు ఒక్కణ్ణీ ఉన్నాను దుర్గా. ఇంక నా వల్ల కాదు. ఎక్కడ పెట్టాలో చెప్పు."

శ్రీదుర్గ కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళి ఫారం తెచ్చింది. వాడు పెట్టాడు. పేజీ తర్వాత పేజీ, ఒక్క అక్షరం చూడకుండా, నా కళ్ళ ముందు, నా ఇంట్లో. పదకొండేళ్ళుగా చదవకుండా సంతకం పెట్టకండని జిల్లా మొత్తానికి చెప్తున్నదాని కొడుకు. బ్యాంకుకి పట్టుకెళ్ళి మధ్యాహ్నానికల్లా పాలసీ ఫోన్లోకి తెప్పించుకున్నారు. అందినట్టు వాడి ఫోన్ టింగుమంది.

ఫిర్యాదు చేద్దామంటే ఎవరి మీద చెయ్యను? అమ్మినావిడ వద్దంది. కొన్నవాడు బతిమాలి కొన్నాడు.

సాయంత్రం శ్రీదుర్గ కాఫీ ఇస్తూ నా పక్కన కూర్చుంది. పంచదార సరిపోయింది.

"ఏమిటత్తయ్యా, పొద్దున్నుంచి ఒక్క మాట లేదు? ఏదో ఒకటి అనండి, భయంగా ఉంది."

"దీక్షలో ఉన్నానమ్మా" అన్నాను. "ఇవాళే మళ్ళీ మొదలుపెట్టాను."

నియమాలన్నీ అవే. ఈసారి మండలం కాదు, ఇరవై తొమ్మిది రోజులు. ముప్పయ్యో రోజు పొద్దున్నే, "నాకు వద్దు" అని రాయించి ఆత్రేయని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాలి.